ఏది కలుపు? ఏది పైరు?

వరిచేలో కలుపు తీసిన అనుభవం మీలో కొందరికి ఉండే ఉంటుంది. ఊదగడ్డి లేతగా ఉన్నప్పుడు అచ్చం వరిమొక్కలాగే కనిపిస్తుంది. తొందరపడితే కలుపుతోపాటు పైరూ చేతికి వస్తుంది. కంప్యూటర్ ముందు కూర్చుని నేనూ ఒకసారి అలాంటి పొరపాటే చేశాను.

ప్రోగ్రాం రాసిన వారు కంప్యూటర్‌కు ఇచ్చే వాక్యాలను సోర్స్ కోడ్ అంటారు. తెర మీద చూపదలచిన మాటలను అందులో కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు. జంట కొటేషన్‌తో మొదలైన మాట, మరో జంట కొటేషన్ రాగానే ముగిసిందని కంప్యూటర్ భావిస్తుంది. మాటల మధ్యలోనే ఆ గుర్తు కావలసివస్తే ఎలా? దాని ముందు \ అనే ఏటవాలు గీత పెడతారు. దీని పేరు బ్యాక్‌స్లాష్. 'తర్వాతి గుర్తును మామూలు అక్షరంగా తీసుకో' అని అది చెబుతుంది. ఈ పని చేసే గీతనే ఎస్కేప్ గుర్తు అంటారు. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలోనూ, 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్‌లోనూ ఈ పద్ధతి ఉంది.

అయితే "అమ్మ 'రా' అంది" అని రాసేటప్పుడు లోపల ఉన్నవి ఒంటి కొటేషన్లు. వాటికి గీత అక్కరలేదు. పెట్టినా ప్రోగ్రాం నడుస్తుంది. కాని చదివేవారు ప్రతి గీత దగ్గరా ఆగి, 'ఇది ఎందుకుంది?' అని ఆలోచించవలసి వస్తుంది.

అభ్యాసకులు తమ జవాబులను తామే సరిచూసుకొనే ఒక ప్రోగ్రాంలో ఇలాంటి గీతలు చాలా ఉన్నాయి. ఒక సాయంత్రం, కనిపించిన గీతనల్లా తీసేశాను. కొన్నిచోట్ల ప్రోగ్రాం ఆగిపోయింది. వాటిని వెంటనే సరిచేశాను. ఒకచోట మాత్రం ఆగలేదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఒక లెక్కకు జవాబు 12.5. దాన్ని పోల్చి చూసే నమూనాలో 12\.5 అని ఉండేది. నమూనాలో ఒట్టి చుక్కకు 'ఏదో ఒక అక్షరం' అని అర్థం. ముందు గీత ఉంటేనే అది దశాంశ బిందువు. నేను గీత తీసేసరికి, 1205 అని రాసినా 'సరైన జవాబు' అని వచ్చింది. సహోద్యోగి ఒకరు కావాలని తప్పు జవాబు ఇచ్చి చూడబట్టి అది బయటపడింది.

ఒంటరిగా చదువుకొనే మీ పక్కన ఉపాధ్యాయులు ఉండరు. తప్పును ఒప్పని ప్రోగ్రామే చెబితే మిమ్మల్ని సరిదిద్దేదెవరు? ఆ ఆలోచన నన్ను చాలా రోజులు బాధించింది.

ఇప్పుడు గీతలను ఒక్కొక్కటిగానే తీస్తాను. అది మామూలు మాటలో ఉందా, నమూనాలో ఉందా అని ముందు చూస్తాను. తీశాక ఒప్పు జవాబుతోపాటు తప్పు జవాబూ ఇచ్చి పరీక్షిస్తాను.

మీరూ ఆలోచించండి: ధరను సరిచూసే నమూనాలో 7\.25 అని ఉంది. ఆ గీత కలుపా, పైరా? దాన్ని తీసేస్తే ఏ తప్పు జవాబు ఒప్పుగా చెలామణి అవుతుందో ఒకటి రాసి చూడండి.