తాలు ఏరితే మిగిలిన ఆటలు

గుంటూరులో మాచర్ల బస్సెక్కితే పేరేచర్ల, మేడికొండూరు దాటాక సత్తెనపల్లి. గంట పైచిలుకు ప్రయాణం. సంక్రాంతి దాటాక వెళితే దారి పొడవునా రెండే రంగులు. ఓ పక్క చివరి తీతకొచ్చిన పత్తిచేల తెలుపు, మరో పక్క కల్లాల్లో ఆరబోసిన మిరప ఎరుపు. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడేలోపే ఘాటు ముక్కుకి తగులుతుంది. 2022 ఏప్రిల్లో జిల్లాల విభజన జరిగి ఊరు పల్నాడు జిల్లాలోకి వెళ్లింది కానీ, మిర్చి టిక్కీల దారి మాత్రం మారలేదు. అవి ఇప్పటికీ గుంటూరు యార్డుకే!

ఊళ్లో చూడాల్సినవేంటని అడిగితే గుళ్లూ గోపురాలూ చెబుతారు. అవి సరే. తాలూకా సెంటర్లో టీ తాగుతూ ముప్పై అయిదు దాటిన వాళ్లెవరినైనా కదిపి చూడండి... ‘చిన్నప్పుడు వీడియో గేమ్ ఆడేవాళ్లా?’ అని. మొహం వెలిగిపోతుంది. ‘కాంట్రా’, ‘మారియో’, ‘ట్యాంకులాట’ అంటూ వేళ్లు గాల్లోనే మీటలు నొక్కేస్తాయి. ఆ ఆటలు ఇప్పుడు కొత్త యంత్రాల మీదికి కట్టలు కట్టలుగా తిరిగొస్తున్నాయి. కాకపోతే అన్నీ కాదు. అక్కడే ఉంది అసలు సంగతి.

తొమ్మిది వేల ఆటల క్యాసెట్టు

తొంభైల నాటి మాట. మిరపకి ధర పలికిన ఏడాది యార్డు నుంచి తిరిగొచ్చే నాన్న సంచిలో ఓ అట్టపెట్టె ఉండేది. పైన ‘సమురాయ్’ అనో ‘మీడియా’ అనో పేరు. ఒక్కోసారి ఏ పేరూ ఉండేది కాదు. రెండు రిమోట్లు, ఒక ప్లాస్టిక్ తుపాకీ, ఒక క్యాసెట్టు. జపాన్‌లో నింటెండో సంస్థ 1983లో తెచ్చిన ‘ఫామికామ్’ అనే యంత్రానికి అవన్నీ నకళ్లు. ఆ సంగతి కొన్నవాళ్లకీ తెలీదు, ఆడినవాళ్లకీ తెలీదు.

కొనలేనివాళ్లకు గేమ్ షాపులుండేవి. గంటకు ఐదో పదో ఇస్తే రెండు రిమోట్లు చేతికొచ్చేవి. వెనకాల బెంచీ మీద వంతుకోసం ఎదురుచూసే నలుగురు ‘దూకరా... దూకు!’ అంటూ ఉచిత సలహాలిచ్చేవారు. సరిగ్గా ఆఖరి దశకి చేరేసరికి కరెంటు పోయేది. మళ్లీ మొదటినుంచీ ఆడాల్సిందే!

క్యాసెట్టు మీద ‘9999 ఆటలు’ అని ఉండేది. తెరిచి చూస్తే పట్టుమని పాతిక కూడా ఉండవు. ఒకే మారియోని రంగు మార్చి ఒకసారి, మూడో దశ నుంచి మొదలయ్యేట్టు ఇంకోసారి... అలా వేలు నింపేవారు. మిరపకాయల్లో తాలు ఏరినట్టు ఏ నంబరు అసలుదో, ఏది ఉత్త నింపుడో పిల్లలే తేల్చి నోటు పుస్తకం వెనక రాసుకునేవారు.

ఇన్ని ఆటలు ఒక్క క్యాసెట్టులో ఎలా పట్టేవి? ఆ రోజుల్లో ఆటలు మరీ చిన్నవి. 1985లో వచ్చిన ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. ఇప్పుడు మన ఫోను తీసే ఒక్క ఫొటోకి అలాంటివి ఎన్నో ఆటలంత చోటు కావాలి.

పేర్లు తెలిశాయి!

ఆ నకలు క్యాసెట్లలో ఆటలుండేవి గానీ వాటిని చేసినవాళ్ల పేర్లు ఉండేవి కావు. చాలాచోట్ల కంపెనీ పేరు కూడా చెరిపేసేవారు. మన ఊళ్లలో ఎన్ని వేల గంటలు ఆడినా, తయారుచేసిన వారికి ఒక్క పైసా అందలేదు. ఇప్పుడు అవే సంస్థలు సొంతంగా వెలువరిస్తున్న సంకలనాల పుణ్యమా అని ఆ పేర్లు వెలుగులోకొస్తున్నాయి.

ఇటుక గోడల మధ్య మన స్థావరాన్ని కాపాడుకునే ట్యాంకులాట అసలు పేరు ‘బ్యాటిల్ సిటీ’. 1985లో నామ్‌కో సంస్థ చేసింది. 2020లో వచ్చిన ‘నామ్‌కో మ్యూజియం ఆర్కైవ్స్’ రెండో భాగంలో అది ఉంది. ‘కాంట్రా’ కొనామి వాళ్లది. 1987లో నాణెం వేసి ఆడే పెద్ద యంత్రాల మీద మొదలైంది. 2019లో ‘కాంట్రా యానివర్సరీ కలెక్షన్’ పేరుతో పాత కాంట్రాలు కొన్నిటిని కలిపి, వాటి చరిత్ర చెప్పే డిజిటల్ పుస్తకంతో సహా ఇచ్చారు. నింటెండో 2016లో 30 ఆటలున్న చిన్న పెట్టెనే తెచ్చింది. 2022లో వచ్చిన ‘అటారీ 50’లో వందకు పైగా ఆటలతో పాటు వాటిని తయారుచేసినవాళ్ల ఇంటర్వ్యూలూ ఉన్నాయి. ఆడుతూ చదివే చరిత్ర పుస్తకం అన్నమాట.

కాంట్రాలో ముప్పై ప్రాణాలిచ్చే కిటుకు గుర్తుందా? పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ! దాన్ని మొదట 1986లో ‘గ్రేడియస్’ అనే ఆటలో పెట్టినాయన కజుహిసా హషిమోతో. ఆట మరీ కష్టంగా ఉండటంతో తాను పరీక్షించుకోవడానికి పెట్టుకున్న దొడ్డిదారి అది. ఆయన 2020లో కన్నుమూశారు.

పండక్కి హైదరాబాద్ నుంచో, డాలస్ నుంచో వచ్చే కొడుకులు వెంట తెచ్చే యంత్రాల్లో ఇప్పుడు ఇవన్నీ ఉంటున్నాయి. ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి, మళ్లీ అక్కణ్నుంచే ఆడొచ్చు. కరెంటు పోతుందన్న బెంగ లేదు. ‘నాన్నా, నువ్వు ఇంత బాగా ఆడతావా?’ అని పిల్లలు నోరెళ్లబెడుతుంటే ఆ తండ్రుల హోదా అమాంతం పెరిగిపోతోంది.

రాని ఆటల మాటేంటి?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ, తిరిగొచ్చినవి కొన్నే. తుపాకీతో బాతుల్ని కొట్టే ‘డక్ హంట్’ ఆ 30 ఆటల పెట్టెలో లేదు. ఆ తుపాకీ పాత డబ్బా టీవీ తెర వెలిగే తీరుని బట్టి గురి కనిపెట్టేది. ఇప్పటి పలచటి టీవీల ముందు అది బొమ్మ తుపాకీయే.

అమెరికాలోని ‘వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్’ 2023లో ఓ లెక్క తీసింది. 2010కి ముందు ఆ దేశంలో విడుదలైన ఆటల్లో 87 శాతం ఇప్పుడు ఎక్కడా అమ్మకానికి లేవు. అంటే సంకలనాలుగా వస్తున్నవి గుప్పెడే. ఇక్కడా తాలు ఏరుతున్నారు. కాకపోతే ఏరేది నాణ్యత చూసి కాదు, అమ్ముడవుతుందా లేదా అని చూసి.

మనవాటి సంగతి చూడండి. 2009లో హైదరాబాద్‌కి చెందిన అరోనా టెక్నాలజీస్ ‘హనుమాన్: బాయ్ వారియర్’ని ప్లేస్టేషన్ 2 కోసం తయారుచేసింది. పూర్తిగా మన దేశంలోనే రూపొందిన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా దానికి పేరు. అదే ఏడాది హైదరాబాద్‌లోనే గేమ్‌శాస్త్ర సంస్థ చేసిన ‘దేశీ అడ్డా’లో కబడ్డీ, బిళ్లంగోడు లాంటి పల్లె ఆటలున్నాయి. 2013 నాటికి సోనీ ఆ యంత్రం తయారీనే ఆపేసింది. డిస్కులు గీతలు పడి పాడైతే ఆ ఆటలకి దిక్కెవరు? జపాన్ ఆటలకి పెద్ద కంపెనీలున్నాయి. వీటికి మనమే ఉండాలి.

పుస్తకమైతే గ్రంథాలయం దాస్తుంది. సత్తెనపల్లికి ఆ విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ ఊరి నుంచి పలుమార్లు శాసనసభకు ఎన్నికైన గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్య గ్రంథాలయోద్యమానికీ ఎంతో చేశారు. ఆటలకి మాత్రం అలాంటి చోటు ఇంకా సరిగా ఏర్పడలేదు. పాత ఆటల్ని పరిశోధకులు దూరం నుంచి చూసుకునేలా గ్రంథాలయాలు అందించడానికి అనుమతి కోరితే, అమెరికా కాపీరైట్ కార్యాలయం 2024 అక్టోబరులో కాదు పొమ్మంది.

కాబట్టి ఈసారి ఊరెళ్లినప్పుడు ఓసారి అటక ఎక్కండి. బోషాణం వెనక ఆ అట్టపెట్టె ఉందేమో చూడండి. అడాప్టరు పాతబడి ఉంటుంది కనుక మెకానిక్కుకి చూపించకుండా ప్లగ్గులో పెట్టకండి. క్యాసెట్టులో ‘ఉఫ్’మని ఊదకండి. ఊదొద్దని నింటెండో అప్పట్లోనే చెప్పింది. నోటి తడికి లోపలి పళ్లు తుప్పు పడతాయి. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త దూది ముంచి మెల్లగా తుడిస్తే చాలు.

దూదికి సత్తెనపల్లిలో కరవేముంది!