కుంకుమ భరిణెలో స్క్రూ

మా ఇంట్లో ఆయుధపూజ అంటే ముందు నాయన టెంపో, తరవాతే మిగతావన్నీ. హోసూరు పూల మార్కెట్టుకు రోజాలు తోలే బండి అది. మా ఇల్లు నడిచేది దానిమీదే. దాన్ని కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి, బూడిద గుమ్మడికాయ కొట్టేసరికి సగం పొద్దు గడిచిపోతుంది. ఆ తరవాత అమ్మ కుట్టుమిషను, అవ్వ కత్తిపీట, మా పుస్తకాలు. రెండేండ్లుగా ఈ వరసలో ఒక కంప్యూటరు కూడా చేరింది. సెకండ్‌హ్యాండుది. దాని పూజ బాధ్యత నాది.

ఈసారి బొట్టు పెట్టడంతో ఆగకుండా లోపల కూడా దుమ్ము దులుపుదామని నాకు బుద్ధి పుట్టింది. వెనకవైపు ఏ స్క్రూ తీస్తే మూత వస్తుందో తెలియదు. కనిపించినవి మూడో నాలుగో తీశాను. పాత పెయింటు బ్రష్షుతో ఫ్యాను రెక్కలు తుడిచాను. ఎంత దుమ్ము! తిరిగి బిగించేటప్పుడు ఒక స్క్రూ మిగిలింది. మూత గట్టిగానే కూచుంది కదా, ఇది ఎక్స్‌ట్రా అయివుంటుందిలే అనుకుని పూజ తట్టలో పడేశాను. పూజ అయ్యాక బల్లను ఎప్పటిలా గోడకు ఆనేదాకా నెట్టాను. బొరుగులు, పుట్నాలు తిన్నాం.

పూజలో పెట్టినవాటిని మర్నాడు అవ్వ ఎత్తేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. పుస్తకం తెరవకూడదు. చదవొద్దని పెద్దవాళ్లే చెప్పే రోజు ఏడాదికి అదొక్కటే కాబట్టి ఆ నియమాన్ని నేను ఎన్నడూ తప్పలేదు. మా తమ్ముడు తప్పాడు. వాడిప్పుడు ఏడో తరగతి. రాత్రి నీళ్ల కోసం లేస్తే చీకట్లో కంప్యూటరు తెర వెలుగుతోంది. వాడు కీబోర్డు మీదికి వంగి ఉన్నాడు. నన్ను చూడగానే స్విచ్చి ఆర్పేసి, ఉరికిపోయి దుప్పటి కప్పుకున్నాడు.

విజయదశమి పొద్దున అవ్వ హారతిచ్చి పుస్తకాలెత్తింది. నేను కంప్యూటరు వేశాను. మన మేడమ్‌గారు ఇచ్చిన ప్రాజెక్టు, అదే అవ్వ చెప్పిన విసుర్రాయి పాటల సేకరణ, ఆ సాయంత్రంలోగా మెయిల్ చెయ్యాలి. ఫైలు సిద్ధంగా ఉంది. వైఫై లేదు.

సిగ్నలు లేకపోవడం నాకు అలవాటే. రూటరు కింద చిన్నాయన వాళ్లింట్లో ఉంటుంది, మేము మిద్దెమీద. ఇది అది కాదు. సెట్టింగ్స్ తెరిస్తే అసలు వైఫై అనే వరసే లేదు. నిన్నటిదాకా ఉన్న ఊరు ఇవాళ మ్యాపులోంచి చెరిపేసినట్టుంది.

"వీడే నాయనా! రాత్రి పూజలో ఉన్నదాన్ని వేసినాడు. నేను కండ్లారా చూసినా" అన్నాను.

"నేను డైనోసార్ ఆడినా అంతే అక్కా, ఇంకేం ముట్టలే" అన్నాడు వాడు.

"పూజలో ఉండేదాన్ని ముడితే ఇట్లే అయ్యేది" అంది అవ్వ. మాట ఎంత నెమ్మదిగా అందో అంత గట్టిగా దిగింది. నాయన కొట్టలేదు, తిట్టలేదు. వాడితో మాట్లాడటం మానేశాడు. శనివారం తెల్లారుజామున టెంపోలో మార్కెట్టుకు తీసుకుపోతానని మాటిచ్చి ఉన్నాడు. అది లేదని అమ్మతో చెప్పించాడు. పూల మూటల మధ్య కూచుని చీకట్లో హోసూరికి పోవడం మావాడికి తిరనాళ్లకు పోవడంతో సమానం. వాడు ఏడవలేదు. అది చూసి, తప్పు చేశాడు కాబట్టే నోరు మూసుకున్నాడనుకున్నాను.

నెట్‌వర్క్ అడాప్టరు అంటే ఏమిటో ఆ రోజుదాకా నాకూ సరిగా తెలియదు. మన హోసూరు సంతలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వచ్చిన దళారి ఒకడుంటాడు చూడండి, అలాంటిది. కంప్యూటరు తన భాషలో చెప్పినదాన్ని గాలిలోకి తరంగాలుగా పంపుతుంది, గాలిలోంచి వచ్చినదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేలా మారుస్తుంది. మా దాంట్లో అది అరచేతిలో సగం ఉండే కార్డు. బోర్డు మీద ఒక గాడిలో దిగి ఉంటుంది. దాని రెండు యాంటెన్నాలు డబ్బా వెనక కొమ్ముల్లా బయటికి పొడుచుకొని ఉంటాయి. ఈ కార్డుతో ఎలా పని చేయించుకోవాలో విండోస్‌కు చెప్పే ప్రోగ్రాము డ్రైవరు.

మొదట రీస్టార్ట్ చేశాను. షట్‌డౌన్ చేసి మళ్లీ వేయడం, రీస్టార్ట్ చేయడం రెండూ ఒకటేననుకునేదాన్ని. కాదట. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా లోపలి స్థితిని కొంత దాచిపెట్టుకుని మళ్లీ అక్కడినుంచే లేస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటినుంచి మొదలు. మొదటినుంచి మొదలైనా నా వైఫై రాలేదు. ట్రబుల్‌షూటరు నడిపితే కేబులు పెట్టి చూడమంది. కింది ఇంటినుంచి మిద్దెకు కేబులా! వైరు పీకేసి, పవర్ బటన్ అరనిమిషం నొక్కిపట్టి, మిగిలిన కరెంటు దిగిపోయాక మళ్లీ వేశాను. ఇలా చేస్తే కొన్నిసార్లు మాయమైన అడాప్టరు తిరిగొస్తుంది. నాకు రాలేదు.

డ్రైవరు పోయిందేమోననుకున్నాను. డ్రైవరు కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవరు కావాలి. పెండ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కుదరదు. అప్పుడు అమ్మ ఫోను గుర్తొచ్చింది. ఛార్జింగు వైరుతో ఫోనును కంప్యూటరుకు కలిపి, సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ నొక్కితే, ఆ ఫోనే ఒక నెట్‌వర్క్ అడాప్టరుగా మారిపోతుంది. మీలో ఎవరికైనా ఇలాంటి అవసరం పడితే ముందు ఈ పని చెయ్యండి. నా ప్రాజెక్టు మధ్యాహ్నానికే మేడమ్‌గారికి చేరింది.

అక్కడితో వదిలేయవచ్చు. దుకాణంలో అడిగితే కార్డు పోయుంటుంది, కొత్తది వేసుకోండి అన్నారు. నాయన డబ్బులిచ్చేవాడే. కానీ ఆ కార్డు ఖరీదు వాడి పేరు మీద ఎన్నేండ్లు వినిపిస్తుందో నాకు తెలుసు. నేను పగలగొట్టిన గ్రైండరు మూత గురించి ఇప్పటికీ వింటున్నాను.

ఫోను నెట్‌తో డ్రైవరు దింపి నడిపాను. పరికరమే కనబడటం లేదు, ఎవరికి డ్రైవరు వేయమంటావు అన్నట్టు ఆగిపోయింది. డివైస్ మేనేజరు తెరిచాను. నెట్‌వర్క్ అడాప్టర్ల కింద కేబులు తగిలించే పోర్టు ఉంది, ఇప్పుడు ఫోను ఉంది, కార్డు లేదు. పైన వ్యూలో షో హిడెన్ డివైసెస్ అని ఒకటుంటుంది. దాన్ని నొక్కాను. కార్డు పేరు కనబడింది. పాలిపోయిన బూడిద రంగులో. దానిమీద రెండుసార్లు నొక్కితే కోడ్ 45 అని వచ్చింది. ఈ పరికరం ప్రస్తుతం కంప్యూటరుకు తగిలించి లేదని దాని అర్థం.

చెడిపోయిందని కాదు. తగిలించి లేదని.

ఆట ఆడితే కార్డు గాడిలోంచి ఊడుతుందా? అప్పుడు వాడి మాట గుర్తొచ్చింది, డైనోసార్ ఆడినా అని. క్రోమ్‌లో నెట్ లేనప్పుడు వచ్చే పేజీలోని ఆట అది. ముళ్లచెట్ల మీదుగా దూకుతూ ఉరికే చిన్న డైనోసార్. వాడు కూచునేసరికే నెట్ లేదు! నెట్ లేదు కాబట్టే ఆ ఆట ఆడుకున్నాడు. వాడు పొద్దున్నే అందరిముందూ చెప్పింది అదే. ఏం జరిగిందో తెలిపే ఒక్క ఆధారమూ వాడి నోటినుంచే వచ్చింది. నేను విననే లేదు.

వైరు పీకి, బల్లను ముందుకు లాగాను. యాంటెన్నాలు గోడకు నొక్కుకుని వంగి ఉన్నాయి. మూత తీశాను. కార్డు ఒక వైపు గాడిలో ఉంది, ఇంకో వైపు పైకి లేచి ఉంది. దాని రేకును డబ్బాకు పట్టి ఉంచే చోట ఖాళీ కన్నం. మిగిలిందని తట్టలో పడేసింది దాని స్క్రూనే. అది లేకపోవడంతో బల్లను గోడకు నెట్టినప్పుడు కొమ్ములు తగిలి కార్డు పైకి లేచింది.

తట్ట ఎప్పుడో తోమేశారు. ఎవరిని అడగాలో తెలియక నేల మీద వెతుకుతున్నాను.

"ఏమే పాపా, ఏం దేవులాడుతుండావు?" అంది అవ్వ. చెప్పాను. అవ్వ దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చి మూత తీసింది. "నీ మిషన్‌ది మేకొకటి తట్టలో ఉండె. పూజలో ఉండిందాన్ని పారేసేదెట్లని దీంట్లో ఎత్తిపెట్టినా."

ముందు పక్కనున్న ఇనుప గ్రిల్లును ముట్టుకున్నాను. ఒంట్లోని స్టాటిక్ కరెంటు బోర్డుకు మంచిది కాదు. కార్డును రెండు బొటనవేళ్లతో నిటారుగా నొక్కితే గాడిలోకి దిగినట్టు చేతికే తెలిసింది. స్క్రూ తుడిచినా మరల్లో ఎర్రదనం పోలేదు. అలాగే బిగించాను. కంప్యూటరు వేస్తే వైఫై ఏమీ జరగనట్టు తన వరసలో తానుంది. డ్రైవరు కూడా అడగలేదు.

చెప్పకుండా ఉండొచ్చు. నేనే బాగుచేశానని చెప్పుకుని మెప్పు కూడా పొందొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది, అబద్ధమెందుకు. రాత్రి అన్నాల దగ్గర చెప్పేశాను, స్క్రూ తీసింది నేను, బల్ల నెట్టింది నేను, వాడు కాదని. నాయన చాలాసేపు ఏమీ అనలేదు. తన తట్టలోని అప్పడం తీసి వాడి తట్టలో వేశాడు. "శనివారం మూడున్నరకే లేయల్ల, తెలిసిందా?" అన్నాడు. "పూజలో ముట్టిన తప్పు ముట్టిందే" అని అవ్వ అంటూనే ఉంది. ఎవరూ ఆమెకు జవాబు చెప్పలేదు.

వాడు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. బడిలో తమిళమే కాబట్టి వాడికి తెలుగు చదవడం రాదు. గోడపత్రికకు ఇది రాశాక పక్కన కూచోబెట్టుకుని చదివి వినిపించాను. చివరిదాకా మొహం అటు తిప్పుకునే విన్నాడు.

"ఒకటి రాయలేదే" అన్నాడు.

"ఏంది?"

"ఆ పొద్దు నా స్కోరు. 1,462. నువ్వు రాకపోయుంటే ఇంకా ఆడుంటా."