పెట్రోలు ముల్లు అబద్ధం ఎక్కడ మొదలవుతుంది?



పాత అంబాసిడర్లు, ఫియట్లు ఇంకా ఇంటి ముందర పెట్టుకున్నవాళ్ళు మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో కొందరున్నారు. పెళ్ళిలోనో, జాతరలోనో కలిస్తే అందరిదీ ఒకటే మాట, "పెట్రోలు ముల్లు సరిగ్గా చూపించదు" అని. పాత బండి అంతేలే అని నవ్వి వదిలేస్తారు. మాకు మాత్రం అట్లా వదిలేసే వీలు లేకపోయింది. అందుకే మేము ఏం చేశామో వరసగా రాస్తున్నాం. మా బడి చదువంతా అరవంలో. తెలుగు అక్షరాలు రైల్వేలో చేరాక ఆంధ్రా వైపు స్టేషను బోర్డులు చూసి పట్టుకున్నవి. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మేము అంటే ఇంట్లో ఇద్దరం, చింతామణిలో ఉండే మా బావమరిది. బండి మా మామగారిది, 1984 అంబాసిడర్. రిటైరయ్యాక బాగేపల్లిలో స్థిరపడ్డాం. రైల్వే వాళ్ళు రైలు లేని ఊళ్ళో ఉన్నారని చుట్టాలు ఎగతాళి చేస్తారు. నిజమే. చింతామణికి, చిక్కబళ్ళాపురానికి కోలారు లైను ఉంది, బాగేపల్లికి లేదు. ఎక్కడికి పోవాలన్నా బస్సో, సొంత బండో. మా వదినకు వారానికి రెండుసార్లు చిక్కబళ్ళాపురంలో డయాలసిస్. పోను దాదాపు నలభై, రాను నలభై కిలోమీటర్లు. పొద్దున బస్సులో పోగలదు. అయిపోయాక మాత్రం కూర్చోవడానికి కూడా ఓపిక ఉండదు, వెనక సీట్లో పడుకోబెట్టి తేవాలి. అందుకే ఈ బండి.

ఒక రాత్రి పేరేసంద్ర దాటాక హైవే మీద ఇంజను ఆగింది. ముల్లు పావు దగ్గర ఉంది. ట్యాంకులో మాత్రం చుక్క లేదు. లారీలు పక్కనుంచే ఊపుకుంటూ పోతున్నాయి, వెనక సీట్లో వదిన చలికి ముడుచుకుపోయింది. బైకు మీద పోతున్న కుర్రాడొకడు ఆగి, బంకుకు పోయి పెట్రోలు తెచ్చిపెట్టాడు. ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. మరునాడు వదిన, "ఇంక నాకోసం బండి తీయొద్దు, అన్నయ్యా" అనింది. ముల్లు సంగతి తేల్చాల్సిందే అనుకున్నాం.

మొదట చూపించిన గ్యారేజీలో మీటరు పోయిందని కొత్తది వేశారు. పాత ముల్లు చెప్పిన అబద్ధమే కొత్త ముల్లూ చెప్పింది. అప్పుడు వాళ్ళన్నారు, ఇంక బండి అమ్మేయండి అని. బండిని చింతామణికి, బావమరిది షెడ్డుకు తీసుకుపోయాం. ఆయన టొమేటో లారీలకు కరెంటు పని చేసి చేసి చెయ్యి తిరిగినవాడు. ఆయన మొదటి మాట: "బావా, ముల్లు తనకు తానుగా ఏదీ చెప్పదు. వెనకనుంచి వచ్చింది చెప్తుంది. వచ్చే దారి చూద్దాం."

దారి ఇది. ట్యాంకులో ఒక బెండు తేలుతుంటుంది. దానికో కడ్డీ. పెట్రోలు పెరిగితే బెండు లేస్తుంది, తగ్గితే దిగుతుంది. కడ్డీ కొస సన్నటి తీగచుట్ట మీద జరుగుతూ కరెంటుకు అడ్డం ఎక్కువ తక్కువ చేస్తుంది. ఈ మొత్తాన్ని సెండర్ అంటారు. అక్కణ్ణించి ఒక వైరు ముందర మీటరుకు పోతుంది. సెండర్ ఒంటి నుంచి బండి ఇనుముకు ఎర్తు. అంటే చూడాల్సినవి నాలుగే: మీటరు, వైరు, సెండర్, ఎర్తు. గ్యారేజీ వాళ్ళు మొదటిదాని దగ్గరే ఆగిపోయారు.

పాత బండ్లలో మీటర్లు రెండు రకాలు. తాళం తిప్పగానే ముల్లు టక్కున ఎగిరితే అది తీగచుట్టల మీటరు. మెల్లగా పాకుతూ ఎక్కితే అది వేడికి వంగే రేకు మీటరు. ఇన్నేళ్ళలో ఎవరెవరో మార్చి ఉంటారు కాబట్టి బండి పేరు చూసి ఏ రకమో చెప్పలేం, ముల్లు నడక చూసే చెప్పాలి. మాది టక్కున ఎగిరే రకం.

పరీక్ష సులభం. సెండర్ దగ్గర వైరు ఊడదీస్తే ఈ రకంలో ముల్లు నిండుకు పోవాలి. ఆ వైరును బండి ఇనుముకు తాకిస్తే ఖాళీకి పడాలి. రెండూ జరిగితే మీటరు, వైరు మంచివే. రేకు రకంలో దీనికి తలకిందులు: ఊడదీస్తే ఖాళీ, తాకిస్తే నిండు. అందులో రెండు మూడు క్షణాలకు మించి తాకించి ఉంచకూడదు, మీటరు కాలుతుంది. ఆ రకంలో పెట్రోలు ముల్లు, వేడి ముల్లు రెండూ కలిసి ఎక్కువ చూపిస్తే మీటర్లకు కరెంటు సమంగా ఇచ్చే చిన్న డబ్బీని అనుమానించాలి.

మాది రెండు పరీక్షల్లోనూ నెగ్గింది. అయితే తప్పు వెనకే ఉంది. అప్పుడు బావమరిది హెడ్‌లైటు స్విచ్చి వేశాడు. ముల్లు కాస్త పైకి జరిగింది! ఆర్పితే దిగింది. సెండరుకూ వెనక దీపాలకూ ఎర్తు ఒకే చోట కలిసింది, ఆ చోటు తుప్పు పట్టింది. మా రకం మీటరులో ఎర్తు సరిగ్గా లేకపోతే ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. దీపాలు వేస్తే ఇంకా ఎక్కువ. పగలు కొంచెం అబద్ధం, రాత్రి పెద్ద అబద్ధం. వదినను తెచ్చేది రాత్రే కదా. రేకు రకంలో అయితే సాధారణంగా తక్కువ చూపిస్తుంది, దానివల్ల ప్రాణం మీదికి రాదు. అందుకే మీది ఏ రకమో ముందు తెలుసుకోండి.

సెండర్ ఒంటి నుంచి మంచి ఇనుముకు ఒక విడి వైరు పట్టి చూశాం. ముల్లు కిందికి దిగి, ఉన్నంతే చూపించింది. తుప్పు గరుకు కాగితంతో గీకి, ఆ విడి వైరునే బోల్టుతో శాశ్వతంగా బిగించాం.

సెండర్ బయటికి తీయాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు. వైరు పరీక్షలన్నీ ట్యాంకు మూసి ఉండగానే చేసుకోవాలి. తెరిచే ముందు బ్యాటరీ వైరు ఊడదీయాలి. పని ఆరుబయట పెట్టుకోవాలి, దగ్గర్లో బీడీ కానీ పొయ్యి కానీ ఉండకూడదు. బెండును చెవి దగ్గర ఊపితే లోపల గళగళమంటే చిల్లి పడిందని అర్థం. దానికి టంకం పెట్టించకుండా మార్చేయడమే మేలు, లోపలి ఆవిరి అంటుకోగలదు. మల్టీమీటరు పెట్టి కడ్డీని మెల్లగా లేపితే అంకె మెల్లగా మారాలి. మధ్యలో ఎగిరినా, ఆగినా తీగ అరిగిందని అర్థం. మూత కింది వాషరు కూడా చూడండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత రబ్బరుకు అది పడదు, నీటిని కూడా పట్టుకుంటుంది.

ఆ తర్వాత చేసింది మా గుమస్తా బుద్ధి పని. ట్యాంకు ఖాళీ చేసి, బండిని చదునైన చోట నిలిపి, ఐదేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో కాగితం మీద గుర్తు పెట్టాం. సగం గీత దగ్గర ముల్లుంటే ట్యాంకులో సగం ఉందని నమ్మడానికి లేదు. ట్యాంకు ఆకారం పైనా కిందా ఒకటి కాదు. మా పుస్తకం లెక్కలో బండి లీటరుకు తొమ్మిది కిలోమీటర్లు ఇస్తుంది. చిక్కబళ్ళాపురం పోయిరావడానికి తొమ్మిది లీటర్లు. కాబట్టి పదిహేను లీటర్ల గుర్తు కింద ముల్లుంటే ముందు బంకుకు, తర్వాతే ఆసుపత్రికి. ఆ కాగితం మీటరు పక్కనే అంటించి ఉంది.

ఒక మాట. ముల్లును మనం ముల్లు అంటాం. మేము చదివిన అరవంలోనూ ముళ్, ఇక్కడి కన్నడంలోనూ ముళ్ళు. మూడు భాషలవాళ్ళకూ గుచ్చుకునేదే కాబట్టి కాబోలు.

ఖర్చు చెప్పాలంటే రెండు మూరల వైరు, ఒక బోల్టు, ఒక గరుకు కాగితం, ఒక ఆదివారం. గ్యారేజీలో వేసిన కొత్త మీటరు దానికంటే చాలా ఎక్కువ పట్టింది. మీ బండిని పాత సామాన్లకు ఇచ్చేసే ముందు ఒక సాయంత్రం దీపాలు వేసి, ఆర్పి, ముల్లు కదులుతుందేమో చూడండి. కదిలితే చింతామణికి రండి, బావమరిది ఆదివారాలు షెడ్డులోనే ఉంటాడు. వదిన ఇప్పుడు బండెక్కగానే కళ్ళద్దాలు పెట్టుకుని ముందుకు వంగి ఆ కాగితం చూస్తుంది. గుర్తు కంటే పైన ఉంటేనే, "పోదాం పదండి" అంటుంది.