మా అల్లుడి మడినీళ్ళు

మా అత్తగారి మడినీళ్ళ సంగతి ఆ రోజుల్లో మా వీధి వీధంతటికీ తెలుసు. తెల్లవారుఝామున నూతి దగ్గర స్నానం చేసి, తడిచీరతో నేను తోడి తెచ్చిన ఇత్తడి బిందె వంటింట్లో ఓ మూల కొలువుతీరేది. దాని దరిదాపులకి పిల్లలు పోకూడదు. మైలబట్ట తగలకూడదు. పొరపాటున ఎవరి చెయ్యయినా సోకిందా, బిందెడూ పారబోసి నేను మళ్ళీ నూతి దగ్గరికి పరుగెత్తాల్సిందే. "నీళ్ళకి మైలేమిటండీ?" అని మావారి దగ్గర గొణిగేదాన్నేగాని, ఆవిడ ముందు అనే ధైర్యం నాకెక్కడిదీ!

ఆవిడ పోయాక బిందె అటకెక్కింది. మడినీళ్ళ పీడ విరగడయిందనుకున్నాను. అయితే చూశారూ, అవి సముద్రాలు దాటి వెళ్ళి మా అల్లుడి ఫ్యాక్టరీలో తేలాయి!

మా అమ్మాయీ అల్లుడూ తైవాన్‌లో తైచుంగ్ అనే ఊళ్ళో ఉంటారు. అతను కంప్యూటర్లకీ ఫోన్లకీ చిప్పులు తయారుచేసే చోట ఇంజనీరు. పెళ్ళిలో అడిగిన వాళ్ళందరికీ "మా అల్లుడు కంప్యూటర్లు" అని గొప్పగా చెప్పుకున్నాను. తీరా చూస్తే అతను రాత్రింబవళ్ళు చేసేది నీళ్ళు వడగట్టడంట!

2021 ఏప్రిల్లో ఓ రోజు అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, నీళ్ళు పట్టి ఉంచుకోవాలంటే ఎన్ని బకెట్లు కావాలే?" అంది. నా చెవుల్ని నేనే నమ్మలేదు. "అదేమిటే, మీది తుఫాన్ల దేశం కదా!"

"ఆ తుఫానే రాలేదమ్మా" అంది దిగులుగా. 2020లో ఒక్క తుఫానయినా ఆ దీవిమీద తీరం దాటలేదట. అలా జరగడం 56 ఏళ్ళలో అదే మొదలు. జలాశయాలు అడుగంటాయి. ఏప్రిల్ 6 నుంచి వాళ్ళ ఊళ్ళో వారానికి రెండు రోజులు కుళాయిలు కట్టేశారు. తుఫాను పేరు చెబితే మనం హడలిపోతాం. వాళ్ళేమో దానికోసం ఆకాశంకేసి చూస్తున్నారు!

"మరి మీ ఫ్యాక్టరీ మాటేమిటి బాబూ?" అన్నాను, అల్లుడు ఫోన్ అందుకోగానే.

"మాకు కట్టెయ్యలేదండీ అత్తయ్యగారూ. 15 శాతం తగ్గించుకోమన్నారు. ట్యాంకర్లతో కూడా తెప్పిస్తున్నాం."

"చిప్పుకి అంత దాహమేమిటయ్యా?"

అతను ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. చిప్పు మీది గీతలు తలవెంట్రుక మందంలో వెయ్యో వంతుకన్నా సన్నం. సిలికాన్ పలక మీద వందల దశల్లో పని జరుగుతుంది. పొర వెయ్యాలి, కడగాలి, చెక్కాలి, మళ్ళీ కడగాలి. ఆ నీళ్ళలో కంటికి కనపడని నలుసున్నా, పిసరంత ఉప్పున్నా పలక పాడయినట్టే. అందుకని మనింట్లో ఉన్నలాంటి ఆర్.ఓ. పొరల్లోంచి పంపి, రెసిన్లతో లవణాలు లాగేసి, అల్ట్రావయొలెట్ కాంతి పట్టించి, చివరికి నీళ్ళలో కరిగిన గాలిని కూడా తీసేస్తారట. అలా తయారయినదాన్ని 'అల్ట్రాప్యూర్ వాటర్' అంటారు. కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలిచి దాని శుద్ధి తేలుస్తారు. 18.2 మెగోమ్ సెంటీమీటర్ వస్తే పరీక్ష ప్యాసయినట్టు!

"మరి వానలున్నప్పుడే చేసి నిలవ ఉంచుకోకూడదూ, ఆవకాయలాగా?"

"నిలవ ఉంటే పాడయిపోతాయండీ. గాలి తగిలితే అందులో కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది. గొట్టంలో కదలకుండా ఉంటే సూక్ష్మజీవులు చేరతాయి. అందుకని గొట్టాల్లో రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి."

గాలి సోకినా మైలేనన్నమాట! సాక్షాత్తూ మా అత్తగారే! ఫోన్ పట్టుకుని పడీ పడీ నవ్వాను.

"వెయ్యి బిందెలు ఆ నీళ్ళు కావాలంటే 1400 నుంచి 1600 బిందెల మామూలు నీళ్ళు పట్టుకురావాలండీ" అన్నాడతను. నా నవ్వు ఆగిపోయింది.

"ఇంత కరువులో అవెక్కడివి బాబూ?"

అతను కాసేపు మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా చెప్పాడు. సుమారు 74,000 హెక్టార్లకి ప్రభుత్వం సాగునీరు ఆపేసింది. సాగునీటి భూముల్లో దాదాపు అయిదో వంతుట. రైతులకి పరిహారం ఇచ్చారుట.

మా పుట్టిల్లు గుడివాడ దగ్గర. మా నాన్నది కాలవ కింద వ్యవసాయం. "కాలవ వదిలారు" అంటే మాకు పండగే. వదలని ఏడు నాకింకా గుర్తుంది. నాన్న రోజూ సాయంత్రం వెళ్ళి ఎండిన పొలంగట్టు మీద నించుని వచ్చేవాడు. చేతిలో డబ్బు లేకపోవడం ఒక బాధ, చేతికి పని లేకపోవడం ఇంకో బాధ. రెండోదానికి పరిహారం ఎవరిస్తారు చెప్పండి?

ఇంకోటీ గుర్తొచ్చింది. ఓ వేసవిలో మా నుయ్యి ఎండిపోవచ్చింది. పిల్లాడు బిందె ముట్టుకున్నాడు. అలవాటుగా పారబొయ్యబోతే అత్తగారు చెయ్యడ్డం పెట్టి, "పారబొయ్యకే! గిన్నెలు తోముకో. ఆ తొలిచిన నీళ్ళు అరటిచెట్టుకి పొయ్యి" అన్నారు. మడి మడే, నీళ్ళు నీళ్ళే!

ఇదే చెబితే అల్లుడు, "మేమూ అంతేనండీ, కడిగిన నీళ్ళని చాలామటుకు శుద్ధిచేసి మళ్ళీ వాడతాం" అన్నాడు. 2022లో తైనాన్ సైన్స్ పార్కులో టీఎస్ఎమ్సీ అనే పెద్ద చిప్పుల కంపెనీ, ఫ్యాక్టరీలు వాడి వదిలిన నీటిని బాగుచేసి మళ్ళీ ఇచ్చే కేంద్రం మొదలుపెట్టింది. అత్తగారుంటే "ఇప్పుడు తెలిసిందా?" అనేవారు.

ఆ ఏడు జూన్ మొదట్లో అమ్మాయి ఫోన్‌ని కిటికీలోంచి బయటికి పెట్టి, "అమ్మా, వాన చప్పుడు విను!" అంది. మళ్ళీ రోజూ కుళాయి వస్తుందని దాని సంబరం.

"పొలాలకి వదిలారుటే?" అన్నాను.

"నాకేం తెలుసమ్మా! ఆయన్ని అడిగి చెబుతాలే" అని నవ్వింది.

దాని తప్పేముంది? అది పుట్టేసరికే నాన్న పొలం అమ్మేశాం. దానికి తెలిసిన మడి ఒక్కటే, బామ్మ కట్టుకునేది. నాకు రెండోదీ తెలుసు, నాన్న దున్నిన వరిమడి. చేతిలో ఫోన్ మోగినప్పుడల్లా, ఇందులో చిప్పుని కడిగిన నీళ్ళు ఏ మడికి వెళ్ళాల్సినవో అనిపిస్తుంది.