పల్నాడు ఎండలో హస్కీ ఎందుకండీ?

నరసరావుపేటలో తెలిసినవాళ్లు హస్కీని తెచ్చారు. ముచ్చటగానే ఉంది. కానీ అది సైబీరియా మంచులో బండ్లు లాగడానికి పెంచిన జాతి. రెంటచింతల పక్కన పెట్టుకుని దాన్ని మే నెల దాటించాలంటే ఇంట్లో ఏసీ దానికే రాసివ్వాలి. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పుతూనే వేడి దించుకోవాలి. ముక్కు చప్పిడైన పగ్‌కి ఆ రొప్పడమూ కష్టమే.

కర్ణాటక ముధోల్ వేటకుక్క ఎండకి ఆగుతుంది. అయితే అది పరుగెత్తే జాతి, రెండు గదుల అద్దెవాటాలో కట్టేసి ఉంచేది కాదు. మన ఆంధ్రాదే జోనంగి ఉంది, కొల్లేరు వైపు బాతులు కాసే పొట్టిబొచ్చు కుక్క. గుంతలు తవ్వే అలవాటు దానికి, కాబట్టి పెరట్లో మల్లెపాదులున్నవాళ్లు ఆలోచించుకోండి! పైగా ఇప్పుడు పిల్ల దొరకడమే గగనం.

మిర్చి కల్లం దగ్గర రాత్రి కాపలాకైనా, ఇంటి అరుగు మీదికైనా నా ఓటు ఊరకుక్క పిల్లకే. అన్నంలో ఉడికిన గుడ్డు కలిపి పెట్టండి చాలు. మన కారం కూరలు వద్దు, ఉల్లి, వెల్లుల్లి దానికి విషం. ఏ జాతైనా సరే, మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి. ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు తప్పించకండి.