నంది దారికి ఒక గొడుగు

యలహంక పాత ఊరి నుండి నంది గ్రామంలోని భోగనందీశ్వరుని గుడికి, దేవనహళ్ళి మీదుగా, సుమారు 40 కిలోమీటర్లు. ఆశ్వయుజంలో రెండు రోజులు నడిచి అక్కడికి చేరాలని మేము నిశ్చయించుకొన్నాము. మాలో పెద్దవారైన బావగారికి కుడి భుజం పట్టేసి ఏడాది అయినది. ఆయన వస్తారా, రారా అన్న తర్జనభర్జన చివరికి గొడుగు దగ్గర ఆగినది. వారి నాయనగారు వాడిన వంకీ పిడి నల్ల గొడుగు తప్ప వేరొకటి పట్టనని ఆయన పట్టు!

వంటింటి త్రాసులో తూచాము. 620 గ్రాములు. మా మూడు మడతల గొడుగు 340. కాని మడతలెన్నో కీళ్ళూ అన్ని. మొన్న ఆషాఢంలో చెరువుకట్ట మీద పడమటి గాలికి అటువంటిదే వెనక్కు తిరగబడి, రెండు ఊచలు విరిగినవి. చివరికి మడతలు లేని ఒక గొడుగు తెచ్చాము. 230 గ్రాములు. ఫైబర్‌గ్లాస్ ఊచలు. ఇనుప ఊచ వంగితే వంగినట్లే, ఇది వంగి మళ్ళీ లేస్తుంది. పైన వెండిపూత ఎండను తిప్పికొడుతుంది. దూరపు నడకలో గొడుగు వానకన్న ఎండకే ఎక్కువ పని చేస్తుంది గదా!

ఈ యలహంక ప్రభువే, 1537లో బెంగుళూరుకు పునాది వేసిన కెంపేగౌడ, తెలుగులో యక్షగానం కూడా వ్రాశాడని చెబుతారు. ఆయనకు గొడుగు పట్టే బంటు ఉండేవాడు కాబోలు. మన గొడుగు మనమే మోయాలి.

ఉత్తరంగా నడక గనుక ఉదయం ఎండ కుడివైపు. బావగారు కుడిచేతనే పట్టారు, భుజం ఊరుకొన్నది. మధ్యాహ్నం చెయ్యి మార్చారు. దేవనహళ్ళి చేరాక మాత్రం అన్నారు: "నాయన గొడుగు నేలకు ఊనితే చేతికర్ర. దీన్ని ఊనితే విరుగుతుంది."

తూచేటప్పుడు మాకది తోచనే లేదు. అక్కడే ఒక వెదురుకర్ర కొన్నాము.

మరునాడు నంది దగ్గర ఉరుములు. బయలు ప్రదేశంలో లోహపు కాడ ఉన్న గొడుగు ఎత్తి నడవడం ప్రమాదమని ముడిచివేశాము. ఒక డాబా ఇంటివారు లోపలికి పిలిచి, గంటసేపు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు.

ఇంటికి వచ్చాక కర్రనూ తూచాము. 280 గ్రాములు.

"రెండూ కలిపినా నాయన గొడుగుకు 110 తక్కువే" అని బావగారే లెక్క చెప్పారు. చెప్పి, ఆ సాయంత్రం చెరువుకట్టకు నల్ల గొడుగుతోనే బయలుదేరారు.