గేరుపెట్టెయు మా తొందరయు

మేము ఉద్యోగము విరమించిన మఱుసటి యేడు, అనగా 2019లో, బరంపురమునందలి మా పెరటిలో తమ్ముని పాత మహీంద్రా పికప్పు బండి దుంగలమీద నిలిచియుండెను. ఇచ్ఛాపురమునకు కూరగాయలును బియ్యపు బస్తాలును తోలి వాడు సంసార మీడ్చుచుండెను. మిట్ట వచ్చినచోట ఇంజను అరచుటయే గాని బండి సాగుట లేదు. క్లచ్చి ప్లేటు అరిగినది. దానిని మార్చవలెనన్న గేరుపెట్టెను దింపక తప్పదు. మేస్త్రీకి కూలి యిచ్చు స్థితి లేక మేమిద్దరమే పూనుకొంటిమి. మేము జీవితమంతయు ఫైళ్లు కట్టిన గుమాస్తాలము, స్పానరు పట్టి యెఱుగము. అయినను పెద్దవారము గనుక ఆజ్ఞలిచ్చు పని మాకు దక్కినది.

విప్పుట సులభముగనే సాగెను. బ్యాటరీ తీగ యూడదీసి, గేరు నూనె వంపి, గేరు రాడ్డును తీసితిమి. ప్రొపెల్లరు షాఫ్టు విప్పుటకు ముందు తమ్ముడు రెండు ఫ్లాంజిలమీదను ఉలితో గీత పెట్టెను. తిరిగి అట్లే కలుపకున్న బండి వణకునట. కాగితములకు మేము సంఖ్యలు వేసినట్లే యున్నదని ముచ్చటపడితిమి. ఇంట తెలుగు, వీథిలో ఒడియా. బండి క్రింద దూరినంతనే మాకు స్పానరు, బోల్టు, జాకీ యనునవే భాష! ఇంజను వ్రాలకుండ క్రింద చెక్క యూతపెట్టి, పెట్టెను తిన్నగా వెనుకకు లాగి, జాకీమీద దించితిమి.

తప్పు ఎక్కించునప్పుడు జరిగెను. క్రొత్త క్లచ్చి ప్లేటును ఫ్లైవీలునకు సరిగా నడుమ నిలిపి ప్రెషరు ప్లేటు బిగింపవలెను. ఏలయన, గేరుపెట్టె ముందరి షాఫ్టు ఆ ప్లేటు నడిమి పండ్లలో దూరి, ఆవలనున్న చిన్న బుష్షులో కూర్చుండవలెను.

"మేస్త్రీ యొద్ద పాత షాఫ్టు ముక్క యున్నదన్నయ్యా. అది పెట్టి నడుమ చూచుకొందము" అని తమ్ముడనెను.

"కంటితో చూచిన చాలదా?" అని కసరితిమి. ప్రొద్దు గ్రుంకుచుండెను. పెట్టె యంగుళము దూరమున నిలిచిపోయెను. "బోల్టులు అందుచున్నవి గదా, వానితోనే లాగి బిగింపుము" అంటిమి. వాడు మా ముఖము చూచి, కాదనలేక బిగించెను. టప్పుమని బెల్ హౌసింగు చెవి యొకటి విరిగి వాని చేతిలో పడెను.

వాడొక్క మాటయు ననలేదు. పాత సామానుల అంగడిలో హౌసింగు దొరకువఱకు పండ్రెండు దినములు బండి కదలలేదు. ఆ దినములలో మఱదలు అన్నము వడ్డించుచుండగా మేము తలయెత్తలేకపోతిమి.

ఈమాఱు మేమే పోయి షాఫ్టు ముక్క నడిగితిమి. ఒడియా మేస్త్రీ దాని నిచ్చుచు, "ధీరే ధీరే" అని మాత్రము చెప్పెను. దానితో ప్లేటును నడుమకు దెచ్చి, ప్రెషరు ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించితిమి. పెట్టెను టాపు గేరులో నుంచి, జాకీతో లేపితిమి. ఇంజనుకును పెట్టెకును నడిమి సందు చుట్టును సమముగా నుండవలెను. ఒకవైపు వాలెనా, షాఫ్టు దూరదు.

"అన్నయ్యా, వెనుక ఫ్లాంజిని మెల్లగా త్రిప్పు. నెట్టకు."

వాడు మాకాజ్ఞ యిచ్చుట అదియే మొదలు. గోరంత త్రిప్పగనే పండ్లు కలిసి, పెట్టె చేతి యొత్తిడికే జరిగి కూర్చుండెను. బోల్టులు వ్రేళ్లతోనే తిరిగెను.

మఱునాడు తెల్లవాఱుజామున వాడు ఇచ్ఛాపురము బయలుదేరుచు, ప్రక్క సీటు తుడిచి, "రా అన్నయ్యా" అనెను. మేము చొక్కా తొడుగుకొని యెక్కితిమి.